గుర్రుపెట్టి పడుకుంటే హాయిగా నిద్రపోతున్నట్టేనా?

ప్రశ్న: మాది గాజువాక. మా బాబుకి ఐదున్నరేళ్లు, ఒకటో తరగతి. మూడో ఏట నుంచే గురక ఉంది. ఈ ఏడాది మరీ ఎక్కువై పక్క గదిలోకి కూడా వినిపిస్తోంది. నోరు తెరిచి, తల బాగా వెనక్కి వాల్చి పడుకుంటాడు. మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాడు. ఫ్యాన్ కింద పడుకున్నా దిండు చెమటతో తడిసిపోతుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బరువు 15 కిలోలే. క్లాసులో కుదురుగా కూర్చోడని టీచర్ అంటున్నారు. ఈఎన్టీ డాక్టరుగారు టాన్సిల్స్, అడినాయిడ్స్ రెండూ తీసేయాలన్నారు. మేం ఎప్పుడూ చూపించే పిల్లల డాక్టరుగారేమో గొంతునొప్పి ఏడాదికి రెండు మూడుసార్లే వస్తోంది కాబట్టి ఆగమన్నారు. మా అత్తగారు "పిల్లగుంటడి గొంతులో కత్తేటి? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అంటున్నారు. పెద్దయితే తగ్గిపోతుందా? టాన్సిల్స్ తీసేస్తే రోగనిరోధక శక్తి పోతుందా? మత్తు ఇస్తే ప్రమాదమా? మావారు ప్లాంటులో కాంట్రాక్టు పని, రాత్రి షిఫ్టులు. ఒక్కదాన్నే వాడి పక్కన కూర్చుని చూస్తుంటే టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దు, గాజువాక

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గొంతునొప్పి గురించి ఒక్క ముక్క రాశారు. మిగతాదంతా రాత్రుల గురించే. ఎవరూ అడగకుండానే మీ దృష్టి అసలు సంగతి మీదకే వెళ్లింది. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది బాబు రాత్రులే చెప్పాలి. వాడిని నేను చూడలేదు కాబట్టి ఇక్కడ కూర్చుని చేయించేయండి అని తీర్పు చెప్పను. కానీ మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ఇది ఏడాదో రెండేళ్లో ఆగి చూడాల్సిన గురకలా నాకు అనిపించడం లేదు. ఈ నెలలోనే తేల్చుకోండి.

మన మాటల్లోనే ఒక చిక్కుంది. ఒళ్లు మరిచి పడుకున్నవాణ్ణి "గుర్రుపెట్టి నిద్రపోయాడు" అంటాం. అలా అనీ అనీ గుర్రు అంటే గాఢనిద్ర అనే నమ్మకం వచ్చేసింది. పిల్లల్లో మాత్రం రోజూ వచ్చే గురకని అలా తీసుకోకూడదు. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక పెట్టి మానేస్తే ఫరవాలేదు. వారంలో ఎక్కువ రోజులు, జలుబు లేకపోయినా గురక వస్తోందంటే గాలి వెళ్లే దారి ఎక్కడో ఇరుకైందని అర్థం. మీవాడికి అది రెండున్నరేళ్లుగా ఉంది.

ఆ ఇరుకు ఎక్కడంటే, గొంతులో రెండు పక్కలా ఉండేవి టాన్సిల్స్. ముక్కు వెనక, అంగిలి పైభాగంలో మనకి కనిపించకుండా ఉండేవి అడినాయిడ్స్. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య గొంతు దారితో పోలిస్తే ఇవి పెద్దవిగా ఉంటాయి. పగలు మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో ఆ బిగువు వదిలేస్తుంది. ఆర్కే బీచ్‌లో కొబ్బరిబొండం తాగేటప్పుడు కాగితం స్ట్రా నానిపోయి మెత్తబడుతుంది చూడండి. అప్పుడు గట్టిగా పీల్చేకొద్దీ అది ఇంకా అతుక్కుపోతుంది. బాబు గొంతులో రాత్రిపూట జరిగేది అదే. గాలి కోసం గట్టిగా లాగుతాడు, దారి మూసుకుంటుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి వాణ్ణి సగం లేపుతుంది, మళ్లీ ఊపిరి అందుతుంది. తల వెనక్కి వాల్చేది ఆ దారిని కాస్త సాగదీసుకోవడానికే. ఎవరూ నేర్పకుండా వాడి ఒళ్లే ఆ ఉపాయం కనిపెట్టుకుంది. చెమట ఆ శ్రమ వల్ల పడుతోంది. ఆగిపోయిన పక్క తడపడం మళ్లీ రావడం, బరువు పెరగకపోవడం, పగలు కుదురు లేకపోవడం కూడా చాలామంది పిల్లల్లో దీనివల్లే వస్తాయి. నిద్ర చాలని పెద్దవాళ్లు కునికిపాట్లు పడతారు. పిల్లలు చాలాసార్లు దానికి ఎదురు, మరింత గెంతుతారు. అందుకే ఇలాంటి పిల్లలకి అల్లరివాడన్న పేరు ముందొస్తుంది, జబ్బు పేరు తర్వాత తెలుస్తుంది.

ఇక ఇద్దరు డాక్టర్ల మాట. మీకు వాళ్లిద్దరూ ఒకే ప్రశ్నకి రెండు జవాబులు చెప్పినట్టు అనిపించింది. నిజానికి ప్రశ్నలే రెండు. టాన్సిల్స్ తీయడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, మాటిమాటికీ గొంతు ఇన్‌ఫెక్షన్లు. దానికొక లెక్క ఉంది. ఒక ఏడాదిలో కనీసం ఏడుసార్లు, లేదా రెండేళ్లపాటు ఏటా ఐదేసిసార్లు, లేదా మూడేళ్లపాటు ఏటా మూడేసిసార్లు జ్వరంతో కూడిన గట్టి గొంతునొప్పి వస్తేనే ఆపరేషన్ మాట ఎత్తాలి. అంతకు తక్కువైతే ఆగాలి. మీ పిల్లల డాక్టరుగారు ఆ లెక్క చూసి ఆగమన్నారు. ఆ లెక్క ప్రకారం ఆయన చెప్పింది సరైనదే. రెండో కారణం నిద్రలో ఊపిరికి అడ్డు పడటం. దీనికి గొంతునొప్పి లెక్కతో సంబంధమే లేదు. జీవితంలో ఒక్కసారి కూడా గొంతునొప్పి రాని పిల్లాడికి కూడా ఊపిరికి అడ్డు పడుతుంటే టాన్సిల్స్ తీయాల్సి రావచ్చు. ఈసారి ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు గొంతునొప్పి ఊసెత్తకండి. రాత్రి సంగతులు మాత్రమే చెప్పండి. ఆయన అభిప్రాయం మారినా నేను ఆశ్చర్యపోను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పొరపాటు నేనూ చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో పెందుర్తి వైపు నుంచి ఒక తల్లి నాలుగేళ్ల పాపని తీసుకొచ్చింది. ఏడాదికి ఎన్నిసార్లు జ్వరం వస్తోందని అడిగాను, రెండుసార్లని చెప్పింది, ఫరవాలేదని పంపించేశాను. రాత్రి ఎలా పడుకుంటుందని అడగలేదు. ఏడాది తర్వాత అదే పాప అదే గౌను వేసుకుని వచ్చింది. ఆ గౌను ఇంకా వదులుగానే ఉంది. నాలుగేళ్ల పిల్ల ఏడాదిలో ఎదగలేదంటే ఏమిటని అప్పుడు అడిగితే, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతుందండీ అంది ఆ తల్లి. ఆపరేషన్ తర్వాత పాప తేరుకుంది. కానీ ఆ ఏడాది నేను అడగని ఒక్క ప్రశ్న వల్ల పోయింది. అప్పటి నుంచి ఏ పిల్లాణ్ణి తీసుకొచ్చినా ముందు రాత్రి గురించే అడుగుతున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని, ఫోన్‌లో వీడియో తీయడం. పడుకున్న అరగంటకి తీస్తే చాలామందికి ఏమీ దొరకదు. పిల్లల్లో ఈ అడ్డు ఎక్కువగా కలలొచ్చే నిద్రలో వస్తుంది. ఆ నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. అందుకని మూడు గంటల నుంచి ఐదు గంటల మధ్య అలారం పెట్టుకుని లేవండి. బాబు చొక్కా విప్పి పడుకోబెట్టండి. ఫ్యాన్ చప్పుడు ఊపిరిని మింగేస్తుంది కాబట్టి కాసేపు తగ్గించండి. చిన్న లైటు వేసి ముఖం, మెడ, పొట్ట మూడూ కనిపించేలా కనీసం రెండు మూడు నిమిషాలు ఆపకుండా తీయండి. ఎక్కడ చూడాలో చెబుతాను. మెడ కింద, రెండు కాలర్ ఎముకలు కలిసే చోట చిన్న గుంట ఉంటుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ గుంట లోతుగా లోపలికి పోతోందా? పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి కుంగుతోందా? అంటే రెండూ ఊయల బల్లలా ఒకటి లేస్తే ఒకటి దిగుతున్నాయా? గురక ఉన్నట్టుండి ఆగిపోయి, పొట్ట మాత్రం ఆడుతూ, చప్పుడు లేకుండా కొన్ని క్షణాలు గడిచి, ఆ తర్వాత గప్పున గుటకలాంటి ఊపిరి వస్తోందా? తల్లులు గురక చప్పుడుకి భయపడతారు. నేనైతే ఆ చప్పుడు లేని క్షణాలకి భయపడతాను. అది వీడియోలో కనిపిస్తే డాక్టరుకి సగం పని అయిపోయినట్టే. రెండు వేర్వేరు రాత్రులు తీయండి.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే మీకు అది పెట్టి చూడాలనిపిస్తుంది. చూడండి, కానీ ఒక నిమిషం పెట్టి 98 కనబడింది కాబట్టి ఏం లేదని అనుకోకండి. అడ్డు పడేది కొన్ని సెకన్లు, వెంటనే తేరుకుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే రాత్రంతా రికార్డు చేసే యంత్రం కావాలి.

అన్నిటికంటే కచ్చితమైనది స్లీప్ స్టడీ. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి తలకి, ఛాతీకి, ముక్కు దగ్గర సెన్సర్లు పెట్టి గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, సన్నబడింది అని లెక్కపెడతారు. పెద్దవాళ్లలో గంటకి ఐదు లోపు మామూలే. పిల్లల్లో గంటకి ఒకసారి దాటినా తేడా కిందే లెక్క. ఐదు దాటితే మధ్యస్థం, పది దాటితే తీవ్రం. నగరంలో పెద్ద ఆసుపత్రుల్లో స్లీప్ ల్యాబ్‌లున్నాయి. అయితే ప్రతి పిల్లాడికీ ఇది తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు పిల్లలకి, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్, ముఖం ఎముకల్లో తేడాలు, కండరాల జబ్బులు, సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్లకి ఆపరేషన్‌కి ముందు చేయించాలి. మీవాడికి అవేవీ ఉన్నట్టు రాయలేదు. మరి చేయించాలా అంటే, లక్షణాలు ఒకటి చెబుతుంటే గొంతు ఇంకొకటి చెబుతున్నప్పుడు చేయించాలి. టాన్సిల్స్ పరిమాణం ఒక్కటే చూసి జబ్బు తీవ్రత చెప్పలేం. టాన్సిల్స్ పెద్దవిగా ఉండి, అడినాయిడ్స్ ఎక్స్‌రేలోనో ముక్కులో గొట్టంతో చూసినప్పుడో దారిని మూసేసినట్టు కనబడి, వీడియోలో ఊపిరి ఆగడం స్పష్టంగా ఉంటే చాలామంది సర్జన్లు స్టడీ లేకుండానే ముందుకెళతారు. నేనూ అంతే. ఏ కాస్త అనుమానం మిగిలినా, మీ ఇద్దరు డాక్టర్లూ వీడియో చూశాక కూడా ఒక మాట మీదకి రాకపోయినా స్టడీ చేయించండి. అది తేల్చేస్తుంది.

పెద్దయితే తగ్గిపోతుందన్న మాటలో నిజం లేకపోలేదు. అడినాయిడ్స్ ఎదిగే వయసులో కుంచించుకుపోతాయి. అమెరికాలో ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 464 మంది మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు, సగం మందిని ఏడు నెలలు ఆపి చూశారు. ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతం మందికి స్లీప్ స్టడీ మామూలైపోయింది. ఆగినవాళ్లలో కూడా 46 శాతం మందికి మామూలైంది. కాబట్టి తేలికపాటి జబ్బులో ఆగడం తప్పేమీ కాదు. శ్రద్ధ, ఏకాగ్రత పరీక్షల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదని కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. ఆపరేషన్ అవగానే క్లాసులో ఫస్ట్ వస్తాడని మీకెవరైనా చెబితే నమ్మకండి. నిద్ర, ప్రవర్తన, పిల్లాడి హుషారు మాత్రం ఆపరేషన్ అయినవాళ్లలో స్పష్టంగా మెరుగుపడ్డాయి. జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లలో దానంతట అది తగ్గడం తక్కువ అన్నది మీకు సంబంధించిన ముక్క. బరువు పెరగని, పక్క తడుపుతున్న, ఊపిరి ఆగి లేస్తున్న పిల్లాణ్ణి పెద్దయ్యేదాకా ఆపితే, పెద్దవడానికి కావాల్సిన నిద్రే వాడికి దొరకదు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనే. మరీ తీవ్రమైన జబ్బుని ఏళ్ల తరబడి వదిలేస్తే గుండె కుడివైపు మీద కూడా భారం పడుతుంది.

ఆపరేషన్ తేదీ వచ్చేలోపు, లేదా జబ్బు తేలికపాటిదని తేలితే, ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడి చూడమంటారు. అలర్జీ జలుబు ఉన్న పిల్లలకి ఇది బాగానే పనిచేస్తుంది. స్టెరాయిడ్ అనగానే భయపడకండి, ముక్కులో కొట్టే మోతాదు చాలా తక్కువ. కుడిచేత్తో పట్టుకుని ఎడమ ముక్కులో, ఎడమచేత్తో పట్టుకుని కుడి ముక్కులో, మధ్య గోడకి తగలకుండా చెవి వైపుకి కొట్టాలి. పడకగదిలో దోమల చుట్ట, అగరొత్తి, సిగరెట్ పొగ వద్దు. మిరియాలు, పటికబెల్లం, పసుపుపాలు గొంతుకి హాయినిస్తాయేమో గానీ టాన్సిల్స్‌ని కరిగించవు. కత్తి లేకుండా కరిగిస్తామనే ప్రకటనల వెంట తిరిగి రెండేళ్లు పోగొట్టుకుని వచ్చిన కుటుంబాలని చూశాను. మీరు ఆ దారి పట్టకండి.

మీ అత్తగారిని తప్పుపట్టకండి. ఆవిడ కాలంలో టాన్సిల్స్ ఆపరేషన్ అంటే గొంతునొప్పికే చేసేవారు, అవసరం లేకపోయినా చాలామందికి చేసేసేవారు. పిల్లల్లో నిద్రలో ఊపిరి ఆగే జబ్బుని అమెరికాలో గిల్మినో అనే వైద్యుడి బృందం ఎనిమిది మంది పిల్లల్లో వివరించింది 1976లో. అంతకుముందు దాన్ని ఇలా విడి జబ్బుగా చూడటం అరుదు. ఆవిడకి ఒక మాట ఇలా చెప్పండి. గొంతు మధ్యలో వేలాడేది కొండనాలుక. టాన్సిల్స్ దానికి అటూ ఇటూ గోడల్లో ఉంటాయి. ఈ ఆపరేషన్‌లో కొండనాలుక జోలికి ఎవరూ వెళ్లరు. అయితే కొండనాలుకని ముందు బాగా చూస్తాం. అది చివర రెండుగా చీలి ఉంటే అంగిలిలో లోపం దాగి ఉండొచ్చు. అలాంటి పిల్లలకి అడినాయిడ్స్ మొత్తం తీస్తే మాట ముక్కుతో వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఈఎన్టీ డాక్టరుగారిని కొండనాలుక, అంగిలి చూశారా అని మీరే అడగండి. మీ అత్తగారి సామెత అలా పనికొస్తుంది. వీలైతే తెల్లవారుజామున వీడియో తీసేటప్పుడు ఆవిణ్ణి కూడా లేపి పక్కన కూర్చోబెట్టుకోండి. మనవడు ఊపిరి కోసం పడే పాట్లు ఒక్కసారి దగ్గర్నుంచి చూసిన ఏ నాయనమ్మా ఆ తర్వాత అడ్డు చెప్పడం నేను చూడలేదు.

రోగనిరోధక శక్తి గురించి. టాన్సిల్స్, అడినాయిడ్స్ రోగనిరోధక వ్యవస్థలో భాగమే. కానీ అలాంటి కణజాలం గొంతు చుట్టూ, నాలుక వెనక, పేగుల్లో ఇంకా చాలా ఉంటుంది. మూడేళ్లు దాటిన పిల్లల్లో ఇవి తీసేస్తే రోగాలతో పోరాడే శక్తి చెప్పుకోదగ్గంత తగ్గినట్టు కనిపించలేదు. డెన్మార్క్‌లో దాదాపు 12 లక్షల మంది రికార్డులు చూసి 2018లో ఒక అధ్యయనం వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లలో తర్వాతి జీవితంలో ముక్కు, గొంతు లాంటి పై శ్వాసమార్గపు జబ్బులు రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయంది. ఆపరేషన్ దాకా వచ్చిన పిల్లలు మొదటి నుంచే అలర్జీలు, జలుబులు ఎక్కువున్నవాళ్లు కావచ్చు కాబట్టి తప్పు టాన్సిల్స్ తీయడానిదేనని ఆ లెక్క తేల్చదు. అయినా అలాంటి ప్రశ్నలున్నాయి కాబట్టే అవసరం లేని పిల్లాడికి ఈ ఆపరేషన్ చేయకూడదంటాను. ఊపిరి ఆగుతున్న పిల్లాడికి లాభం ఎటువైపుందో మాత్రం సందేహం లేదు.

మత్తు సంగతి. పూర్తి మత్తు ఇచ్చి, నోట్లోంచి గొట్టం వేసి, నోటి ద్వారానే చేస్తారు. బయట కోత, కుట్లు ఉండవు. సాధారణంగా ముప్పావు గంటలోపు అయిపోతుంది. ఊపిరికి అడ్డు ఉన్న పిల్లలకి మత్తు ఇవ్వడంలో మామూలుకంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. అందుకని మత్తు డాక్టరుగారికి మీ వీడియో తప్పకుండా చూపించండి. ఇంట్లో ఎవరికైనా పళ్లు పీకించుకున్నప్పుడు, కాన్పుల్లో రక్తం ఆగకపోవడం లాంటివి జరిగాయా, బాబుకి చిన్న దెబ్బకే ఎక్కువసేపు రక్తం కారుతుందా అన్నది చెప్పండి. రక్తపరీక్షల కాగితం కంటే ఈ మాటలే ఎక్కువ చెబుతాయి. వాడి వయసులో ముందు పళ్లు కదలడం మొదలవుతుంది. ఏదైనా కదులుతుంటే అదీ చెప్పాలి. ఆ వారంలో జ్వరం, కఫం ఉంటే మొహమాటపడకుండా వాయిదా వేయించండి. ఉదయం ఆపరేషన్ అయితే అన్నం, పాలు ఆరు గంటల ముందే ఆపేయాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చంటారు. "ఏడుస్తున్నాడని రెండు గుక్కల పాలు పట్టాను" అని దాచిపెట్టిన తల్లులున్నారు. దాచకండి, మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచమని అడగండి. మూడేళ్లలోపు పిల్లల్నీ, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లనీ రాత్రంతా ఆక్సిజన్ చూస్తూ ఉంచాల్సిందే. మీవాడిని కూడా ఉంచితేనే నాకు నిశ్చింత.

లేజరా, కాబ్లేషనా (తక్కువ వేడితో తీసే పద్ధతి), మామూలు పద్ధతా అని ఎక్కువ ఆలోచించకండి. ఆ సర్జన్ చేతికి ఏది బాగా అలవాటో అదే మంచిది. కొందరు టాన్సిల్ బయటి పొరని ఉంచి లోపలిది తీస్తారు. దాంట్లో నొప్పి, రక్తస్రావం కాస్త తక్కువ, కొద్దిమందిలో మళ్లీ పెరుగుతుంది.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక పది రోజులు. మొదటి రెండు రోజులు ఫరవాలేదనిపించి, మూడో రోజు నుంచి నొప్పి పెరుగుతుంది. చెవి నొప్పి అని ఏడుస్తాడు. చెవిలో ఏమీ ఉండదు, గొంతుకీ చెవికీ ఒకే నరం వెళ్లడం వల్ల అలా ఉంటుంది. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ ఉన్న చోట తెల్లగా, పాల మీగడ అంటుకున్నట్టు, ఒక్కోసారి పసుపుగా కనిపిస్తుంది. నోరు వాసన వేస్తుంది. చీము పట్టిందని హడావిడి పడతారు చాలామంది. అది పుండు మానడానికి కట్టిన పొర, గీకకండి, తుడవకండి. నొప్పి మందు నొప్పి వచ్చాక కాకుండా, డాక్టరు బరువుని బట్టి రాసిచ్చిన మోతాదులో గడియారం చూసి వేయండి. మొదటి వారం రాత్రి ఒకసారి లేపి వేసినా మంచిదే. నొప్పి తగ్గితేనే మింగుతాడు, మింగితేనే గొంతు ఎండదు, ఎండకపోతేనే త్వరగా మానుతుంది. ఇంట్లో ఉన్న దగ్గు సిరప్ మాత్రం వేయకండి. కొన్నింట్లో కోడీన్ అనే నల్లమందు జాతి మందు ఉంటుంది. ఈ ఆపరేషన్ అయిన పిల్లల్లో కోడీన్ వల్ల ఊపిరి ఆగి మరణాలు జరిగాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో గట్టి హెచ్చరిక చేసి, 2017లో పన్నెండేళ్లలోపు పిల్లలకి అసలే వద్దంది.

చల్లారిన రాగిజావ, పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానబెట్టిన ఇడ్లీ, ఐస్‌క్రీమ్ ఏదైనా సరే. తిండి రెండు రోజులు తగ్గినా కంగారు లేదు, నీళ్లు తగ్గకూడదు. ఎనిమిది గంటలపాటు ఒంటికి పోయకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయండి. చేగోడీలు, జంతికలు, చిప్స్, ఆవకాయ, నిమ్మ, బత్తాయి రసం రెండు వారాలు వద్దు. స్కూలు కూడా రెండు వారాలు మాన్పించండి. వేసవి సెలవుల దాకా ఆగుదామని మాత్రం అనుకోకండి.

రక్తం గురించి రాసింది నిదానంగా చదవండి. మొదటి 24 గంటల్లో ఆసుపత్రివాళ్లు చూసుకుంటారు. ఇంట్లో మీరు చూసుకోవాల్సింది ఐదో రోజు నుంచి పదో రోజు దాకా, ఆ తెల్లపొర ఊడే రోజులు. నూటికి ఒకరిద్దరు, మహా అయితే ముగ్గురిలో అప్పుడు రక్తం వస్తుంది. ఉమ్ములో సన్నటి గులాబీ చార వేరు. ఎర్రటి రక్తం ఉమ్మినా, గడ్డలు పడినా, కాఫీ పొడిలాంటి వాంతి అయినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు మింగుతున్నా ఆలస్యం చేయకండి. వాణ్ణి పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ముందుకి వంచి, మింగకుండా ఉమ్మించండి. ఆగిపోయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఎందుకంటే కాసేపటికి మళ్లీ ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది. రాత్రి మీ ఆయన షిఫ్టులో ఉంటే ఎవరి బండి, ఏ ఆటో అన్నది ముందే మాట్లాడి ఉంచుకోండి, లేదంటే 108. ఆ రెండు వారాలు ఊరు దాటకండి. మొక్కు తీర్చుకోవడానికి సింహాచలం కొండ ఎక్కినా తర్వాతే. ఏడో రోజున పిల్లాడు హుషారుగా ఉన్నాడని అరకు బయల్దేరిన కుటుంబం నాకు తెలుసు. ఘాట్ రోడ్డు మలుపుల్లో రక్తం మొదలైంది. కొండ దిగి ఎస్.కోట చేరేదాకా ఆ తల్లి తువ్వాలు మీద తువ్వాలు మార్చిందట. బాబు దక్కాడు. ఆ ప్రయాణం ఏ తల్లికీ వద్దు.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ ఆలోచిస్తూనే ఉంటారు. మీవారికి ఈఎస్‌ఐ కార్డు ఉంటే మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి నుంచి మొదలుపెట్టండి. ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రి కూడా మన ఊళ్లోనే ఉంది. అక్కడి డాక్టర్లు ఈ ఆపరేషన్లు చేసి చేసి చేయి తిరిగినవాళ్లు. ప్రైవేటుకి వెళ్లేటట్టయితే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందో లేదో అక్కడి వైద్యమిత్రని ముందే అడిగి రాయించుకోండి.

ఈలోగా ఏ రాత్రైనా పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకపోయినా, మెలకువలో కూడా ఊపిరికి ఎగపోస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపోండి.

ఆపరేషన్ అయ్యాక మొదటి వారం, పది రోజులు వాపు వల్ల గురక వస్తుంది, దానికి దిగులు పడకండి. రెండు నెలలయ్యాక మళ్లీ ఒకరోజు తెల్లవారుజామున అలారం పెట్టుకుని, అదే గదిలో, అదే లైటులో, అదే ఫోన్‌తో వీడియో తీయండి. మెడ కింద గుంట చూడండి. చాలామంది పిల్లల్లో అది కదలదు. మీవాడికి ఇంకా కదులుతుంటే, గురక మిగిలి ఉంటే, ఆ వీడియో పట్టుకుని డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. అప్పుడు స్లీప్ స్టడీ తప్పనిసరి. గుంట కదలకుండా, నోరు మూసుకుని, దిండు పొడిగా ఉంటే లైటు ఆపేసి మీరూ పడుకోండి.